పేరెత్తని పురుగు

పిచ్చమ్మ చెప్పిన కథలో నేను ఒక్క మాట కూడా కల్పించలేదు. చాలాకాలం నన్ను నేను సమర్థించుకున్నది ఈ వాక్యంతోనే. ఆమె చెప్పినవి పద్నాలుగు వాక్యాలు. వాటిలో మూడింటిని వదిలేశాను. ఒకదాన్ని వెనక నుంచి ముందుకు తెచ్చాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

పాముకాటు మీద ఊళ్ళలో అవగాహన కలిగించే ఒక స్వచ్ఛంద సంస్థకు నేను పుస్తకాలూ గోడపత్రాలూ రాస్తాను. అంతకుముందు పదకొండేళ్ళు ఒక ప్రైవేటు కళాశాలలో తెలుగు చెప్పాను. సంస్థను నడిపేది డాక్టర్ ధనలక్ష్మి గారు. ఏటా నాట్లకూ కోతలకూ ముందు ఊరూరా తిరిగి, కాటు పడితే మంత్రగాళ్ళ దగ్గర పొద్దు పుచ్చకుండా ఆసుపత్రికి రమ్మని చెప్పడం మా పని. అంకెలు చెబితే జనం ఆవులిస్తారు. చావు తప్పించుకుని వచ్చిన మనిషిని ఎదుట నిలబెడితే వింటారు. అలాంటి మనిషిని వెతకమని ధనలక్ష్మి గారు నన్ను పంపితే, పిచ్చమ్మ దొరికింది.

వాళ్ళ ఊరు బోగోలుకు తూర్పున, సముద్రానికి నాలుగు మైళ్ళు ఇవతల ఉంది. ఒక పక్క వరిమళ్ళు, ఒక పక్క రొయ్యల గుంటలు. రెంటికీ మధ్య గట్టు మీద గడ్డి కోస్తుండగా ఆమె కుడి పాదం మీద కాటు పడింది. ఉదయం పది గంటల వేళ. భర్త హజరత్తయ్య పక్క మడిలోనే ఉన్నాడు. గడ్డిలోకి జారిపోతున్న తోకను ఇద్దరూ చూశారు. అతడు ఆమెను మోపెడ్ మీద ఎక్కించుకుని, పడిపోకుండా తన నడుముకూ ఆమె నడుముకూ కలిపి తువ్వాలు చుట్టి, అరగంటలో ఆరోగ్య కేంద్రానికి చేర్చాడు. అక్కడి నర్సుతో, పురుగు ముట్టిందమ్మా అన్నాడు.

ఆ ఊళ్ళో పాము కరిచిందని అనరు. కాటు పడిన మనిషి ఎదుట అసలే అనరు. ఆ పేరు చెవిన పడితే విషం తలకెక్కుతుందని నమ్మకం. పురుగు అంటారు. కరిచింది అన్న మాట కూడా వాడరు, ముట్టింది అంటారు. నర్సు పట్నంలో పెరిగిన పిల్ల. ఉద్యోగంలో చేరి నెల కాలేదు. ఏం పురుగని అడిగింది. పెద్ద పురుగే తల్లీ అన్నాడు హజరత్తయ్య. ఆమె చీటీ మీద జెర్రి అని రాసి, ఒక సూది వేసి, మాత్రలిచ్చి, వాపు తగ్గకపోతే మర్నాడు రమ్మని పంపింది. సూది పడింది కనుక విరుగుడు పడిందనే మొగుడూ పెళ్ళాలిద్దరూ అనుకున్నారు. ఆ సూది దేనికో వాళ్ళు అడగలేదు. ఆ పురుగు ఏదో ఆ పిల్లా మళ్ళీ అడగలేదు.

మధ్యాహ్నానికి వాపు మోకాలు దాటింది. చిగుళ్ళ నుంచి నెత్తురు కారింది. మోపెడ్ మీద కూర్చోలేని స్థితిలో ఉన్న ఆమెను భుజాన వేసుకుని, హజరత్తయ్య ఊరి చివర పోలేరయ్య ఇంటికి పరుగెత్తాడు. పోలేరయ్య కాటుకు మంత్రం వేసేవాడు. ఆ ఊళ్ళో జంకు లేకుండా ఆ పేరు పలికేది అతనొక్కడే. అతడు పాదం వంక చూసి, ఇది పాము, రక్తపింజరి, నా మంత్రానికి లొంగేది కాదు, నెల్లూరు పొండి అన్నాడు. తనే రోడ్డు మీదికి పోయి ఆటో ఆపాడు. నెల్లూరు పెద్దాసుపత్రిలో నలభై రోజులున్నారు. మూత్రపిండాలు కష్టం మీద కోలుకున్నాయి. కుడి కాలు మోకాలి కింద తీసేశారు.

ఇది ఆమె చెప్పిన వరుస. ఆరోగ్య కేంద్రం, పోలేరయ్య, పెద్దాసుపత్రి. నేను రాసిన వరుసలో పోలేరయ్య ముందు వచ్చాడు, ఆసుపత్రి తర్వాత వచ్చింది. నర్సు గురించిన మూడు వాక్యాలు లేవు. కథకు ‘మంత్రం మింగిన కాలు’ అని పేరు పెట్టాను. ధనలక్ష్మి గారు చదివి, తాను ఏళ్ళ తరబడి చెప్పలేకపోయినది ఒక పేజీలో వచ్చిందన్నారు. ఆ మెప్పు నాకు రుచించింది. ఏ అబద్ధమూ అబద్ధంగా రాదని, మెప్పుదల రూపంలో వస్తుందని నాకు అప్పుడు తట్టలేదు. తట్టినా, అది మరొకరి గురించి రాసుకోదగ్గ మంచి వాక్యంలా తోచి ఉండేది.

మొదటి సభ దొరవారిసత్రంలో పెట్టాం. బడి ఆవరణలో షామియానా వేశారు. పిచ్చమ్మ అప్పటికి పెట్టుడు కాలుతో చక్కగా నడుస్తోంది. చీర కుచ్చెళ్ళు కిందికి ఉంటే తేడా కూడా తెలియదు. కాని నడిచే మనిషిని చూసి ఎవరూ భయపడరు. అందుకని పెట్టుడు కాలు జీపులోనే ఉంచి, చంకకర్రతో రమ్మని మేమే అడిగాం. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, పట్టీలు విప్పి కాలు సీటు మీద పెట్టింది. పదిమందికి మేలు జరుగుతుందని నేను చెప్పిన మాట నమ్మి వచ్చిన మనిషి.

నేను మైకు ముందు నిలబడి కథ చదివాను. నా గొంతు బాగుంటుందని అంటారు. మొదట ఆమె నేల చూస్తూ కూర్చుంది. సగానికి వచ్చేసరికి తలెత్తి నన్ను చూసింది. నేను పేజీ మీద నుంచి కళ్ళు తీయలేదు. చదవడం అయ్యాక ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఒక ముసలమ్మ వచ్చి పిచ్చమ్మ చెయ్యి పట్టుకుని, నీ మొగుడు మనిషేనా అమ్మా, మంత్రగాడింటికి మోసుకుపోతాడా అంది. పిచ్చమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

తిరుగు ప్రయాణంలో పిచ్చమ్మ పెట్టుడు కాలు తొడుక్కుని, పట్టీలు బిగించుకుని, బయటికి చూస్తూ కూర్చుంది. నెల్లూరులో పెన్న వంతెన మీద జీపు నెమ్మదించినప్పుడు అంది.

“సారూ, ముందుది ఎనక్కీ, ఎనకది ముందుకీ పెట్టినారు.”

కథ సూటిగా ఉండాలి కనుక కుదించానన్నాను.

“కుదించలా. తిప్పినారు. మా ఆయన నన్ను ముందు పోలేరయ్య కాడికి తీసకపోయినాడా?”

లేదన్నాను.

“మరి పోయినాడని మైకులో ఎట్ట చెప్పినారు?”

నేను తగినంత చదువుకున్నవాణ్ణి. జవాబు లేని చోట వాదన ఉంటుందని తెలిసినవాణ్ణి. ఇది నీ ఒక్కదాని కథ కాదమ్మా, ఎంతోమంది మంత్రాల దగ్గర కాలం పోగొట్టుకుంటున్నారు, ఆ అందరి కోసం చెప్పిన కథ ఇది అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నిజంగానే నమ్మాను.

“అట్టయితే ఆ అందరి కాళ్ళు చూపియ్యండి. నా కాలు పోయింది నా కతలో.”

డ్రైవరు అద్దంలోంచి ఒకసారి మమ్మల్ని చూసి రోడ్డు మీదికి దృష్టి తిప్పుకున్నాడు.

మర్నాడు ధనలక్ష్మి గారికి ఈ సంగతి చెప్పాను. ఆమె చెడ్డ మనిషి కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ విషంతో పోట్లాడుతున్న మనిషి. నోట నురగలతో వచ్చిన పిల్లల్ని చేతుల్లో పోగొట్టుకున్న మనిషి. ఆసుపత్రి ఒకసారి పొరబడిందని మనమే మైకు పెట్టి చెబితే, వినేవాళ్ళు పొరపాటును మరిచిపోతారు, ఆసుపత్రిని మాత్రం మానేస్తారు అన్నారు. ఆ తర్వాత పది ప్రాణాలు పోలేరయ్యల చేతుల్లో పోతే ఆ నిజం ఎవరికి కావాలి అని అడిగారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ అది తేలికైన ప్రశ్న కాదు. కాని సమాధానం లేకపోవడాన్ని నేను అనుమతిగా తీసుకున్నాను. పుస్తకం అచ్చుకు పంపాను. రెండు వేల ప్రతులు. అట్ట మీద పిచ్చమ్మ బొమ్మ, చంకకర్రతో.

ఆ ప్రతులు ఆమె సొంత ఊరికి కూడా చేరతాయన్న ఆలోచన నాకు రాకపోలేదు. వచ్చింది. పక్కకు పెట్టాను.

కాటు పడిన నాడు ఉదయం మోపెడ్ మీద హజరత్తయ్య ఆరోగ్య కేంద్రానికి పోవడం మళ్ళలో ఉన్న ఇద్దరు ముగ్గురే చూశారు. మధ్యాహ్నం పెళ్ళాన్ని భుజాన వేసుకుని పోలేరయ్య ఇంటికి పరుగెత్తడం ఊరంతా చూసింది. అచ్చులో వచ్చిన మాట ఊరు చూసినదానితో అతికినట్టు సరిపోయింది. ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టని విషయం కాస్తా నేరమై కూర్చుంది. టీకొట్టు దగ్గర ముత్యాలయ్య అనే రైతు పుస్తకం చేతిలో పట్టుకుని, ఏం హజరత్తన్నా, పోలేరయ్యకు దచ్చిన ఇయ్యడానికి నీకు పెళ్ళాం కాలే దొరికిందా అన్నాడట. బెంచీ మీద ఉన్న వాళ్ళంతా నవ్వారట. హజరత్తయ్య చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టి, తాగకుండా లేచి వెళ్ళాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ కొట్టు వైపు పోలేదు. పొలానికి కూడా ఊళ్ళోంచి కాకుండా, రొయ్యల గుంటల వెనక నుంచి చుట్టూ తిరిగి పోయేవాడు. నలుగురితో కలిసి చేసే కూలికి వెళ్ళడం మానేశాడు. పోలేరయ్య తన తలుపు మూసేశాడు. ఎవరు పిలిచినా, కాళ్ళు మింగేవాడితో మీకేం పని అనేవాడట.

సంగం అనే ఊళ్ళో పెద్ద సభ అనుకున్నప్పుడు పిచ్చమ్మను పిలవడానికి నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆ సభకు నాలుగు మండలాల రైతులు వస్తారు. ఆరోగ్య కేంద్రాల నర్సులు వస్తారు. ధనలక్ష్మి గారు స్వయంగా ఉంటారు. పిచ్చమ్మ వసారాలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. పై సంగతులన్నీ చేట ఆపకుండా చెప్పింది. హజరత్తయ్య లోపలే ఉన్నాడు. నా గొంతు విని బయటికి రాలేదు.

ఇంత జరిగాక ఆమె రాదనుకున్నాను. కాని వస్తానంది. ఒక షరతు పెట్టింది.

“కాలు తొడుక్కొనే వస్తా. కర్ర తేను. కత మీరు చదవబాకండి. నేను మాట్లాడతా.”

ఏం మాట్లాడతావని అడిగాను.

“జరిగింది జరిగినట్టు.”

సరేనన్నాను. ధనలక్ష్మి గారికి ఈ మాట చెప్పలేదు. దాన్ని ధైర్యమని ఆ రోజున అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, చెప్పకుండా ఊరుకోవడం నాకు ఎప్పుడూ సులువైన పనే. మొదటిసారి కథ తిప్పిన సంగతి పిచ్చమ్మకు చెప్పకుండా ఊరుకున్నాను. ఈసారి ధనలక్ష్మి గారి దగ్గర ఊరుకున్నాను. దిక్కు మారింది, అలవాటు అదే.

సంగంలో కల్యాణ మండపం నిండింది. ముందు వరసల్లో పైరు చేసే పెద్దలు తువ్వాళ్ళు భుజాన వేసుకుని కూర్చున్నారు. కుడి పక్క తెల్లచీరల్లో నర్సులు. ధనలక్ష్మి గారు మాట్లాడి కూర్చున్నాక, నా ఒళ్ళో పుస్తకం ఉండగానే, పిచ్చమ్మ మెట్లెక్కి వేదిక మీదికి నడిచి వచ్చింది. రెండు కాళ్ళతో నడుస్తున్న ఆమెను చూసి, పుస్తకం మీది బొమ్మను చూసి, ధనలక్ష్మి గారు నా వైపు తిరిగారు. నేను మైకు ఎత్తు సరిచేసి పక్కకు జరిగాను.

ఆమె తన పేరు చెప్పలేదు. కాలు చూపలేదు. ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన పేరు అడిగింది. కామాక్షయ్య అన్నాడు.

“కామాక్షయ్య మామా, మీ మడికాడ మీ యింటామెను కరిచింది. తోక మీరు కళ్ళారా చూసినారు. బండి మీద ఏసుకొని ఈ డాక్టరమ్మ కాడికి తెచ్చినారు. అదిగో, ఎదురుగ్గానే కూచోనుండాది. ఏమని చెబతారు?”

“మా యింటామెను ముట్టుకుంటే చచ్చేది అదే గాని ఈమె కాదులే” అన్నాడాయన. మండపం అంతా నవ్వింది.

“సరే, అది సచ్చింది. ఈమెను బతికించుకోవాల గదా. లేచి చెప్పండి.”

నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే ఆయన లేచాడు. తువ్వాలు సర్దుకుని, ధనలక్ష్మి గారి వైపు తిరిగి, చేతులు జోడించి, ఆటలా మొదలుపెట్టాడు. కాని మాట నోట్లోకి వచ్చేసరికి గొంతు నిజంగానే తగ్గింది.

“అమ్మా, మా ఆడమనిషికి పురుగు ముట్టిందమ్మా.”

“ఏం పురుగు?” అంది పిచ్చమ్మ.

“పెద్ద పురుగు.”

రైతుల వరసల్లో ఎవరికీ ఇందులో వింత ఏమీ తోచలేదు. ఇంకెలా చెబుతారన్నట్టు చూస్తున్నారు. పిచ్చమ్మ నర్సుల వైపు తిరిగి, ఈ మాట వింటే చీటీలో ఏం రాస్తారని అడిగింది. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక చిన్నమ్మాయి, తేలో జెర్రో అని రాస్తామండీ అంది. అని, తన మాట తనకే వినపడినట్టు ఆగిపోయింది. అప్పుడు మండపంలో చప్పుడు తగ్గింది. ధనలక్ష్మి గారు కుర్చీలో ముందుకు వంగారు.

నేను పుస్తకంలో రాయలేని ఒక పేజీ నా కళ్ళెదుట జరిగింది. అందులో మంత్రగాడు లేడు. మూర్ఖుడు లేడు. ఒక మాట అటు నుంచి ఇటు రావడానికి బయలుదేరి మధ్యలో వేరే మాటగా మారిపోయింది. అంతే. ఆ మధ్యలోనే ఒక కాలు పోయింది.

పిచ్చమ్మ తన సంగతి ఆరేడు మాటల్లో చెప్పింది. మోపెడ్, తువ్వాలు, నర్సు, జెర్రి, పోలేరయ్య, ఆటో, నెల్లూరు. వరుస తప్పలేదు. తర్వాత అంది.

“మా ఆయన నన్ను ముందు ఆసుపత్రికే తీసకపోయినాడు. పుస్తకంలో ఉండేది తప్పు. పోలేరయ్య నా కాలు మింగలా. ఆయన పేరు పెట్టి చెప్పబట్టే నేనిట్ట నిలబడుండా. కరిస్తే పాము కరిచిందని చెప్పండి. పురుగనబాకండి. పాము.”

వెనక వరసల్లో ఆడవాళ్ళు చెవుల మీదికి కొంగు లాక్కున్నారు. ఒక ముసలాయన లేచి, మే, ఆ పేరు ఎత్తబాకు, పిల్లా జెల్లా ఉండారు, కీడు అన్నాడు.

“పేరెత్తకుండానే పోయింది పెద్దాయనా నా కాలు. ఎత్తితే ఇంకేం పోతాదో చూస్తా.”

ధనలక్ష్మి గారు లేచి మైకు కోసం చెయ్యి చాచారు. పిచ్చమ్మ ఇవ్వలేదు. గౌరవం తగ్గకుండా, అయితే చెయ్యి వదలకుండా చెప్పింది.

“అమ్మా, నన్ను బతికించింది ఆసుపత్రే. పోబాకండి అని నేనంటే నా నోరు పడిపోతాది. పొండి అంటుండా. పోయి, ఆడ నోరు తెరవండి అంటుండా. మీ నర్సు పిల్లల్ను గూడా ఇంకోసారి అడగమని చెప్పండి.”

మైకు స్టాండుకు తగిలించి, మెట్లు దిగి, వచ్చినట్టే నడిచి వెళ్ళింది. చప్పట్లు కొట్టాలా వద్దా అని జనానికి తెలియలేదు. కామాక్షయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. పెదవులు కదుపుతున్నాడు. ఆ మాటను లోలోపల ఒకసారి పలికి చూసుకుంటున్నాడనుకుంటాను.

రెండు రోజుల తర్వాత ధనలక్ష్మి గారు నన్ను పిలిచి, తనకు చెప్పకుండా సభను ఒకరి చేతికి వదిలినందుకు మందలించారు. తగిన మందలింపే. వక్తల జాబితాలోంచి పిచ్చమ్మ పేరు తీసేయించారు. అదే వారంలో మేము తిరిగే ఆరోగ్య కేంద్రాలన్నింటికీ సంస్థ తరఫున ఒక కాగితం పంపారు. పురుగు అని ఎవరు చెప్పినా పాముకాటుగానే ఎంచి, గాయం చూసి, గాజు గొట్టంలో నెత్తురు గడ్డకడుతుందో లేదో పరీక్షించాలని అందులో ఉంది. పిచ్చమ్మ పేరు ఎక్కడా లేదు. ఒక మనిషి తీసుకువచ్చిన నిజాన్ని లోపలికి రానిచ్చి, మనిషిని గుమ్మం బయట నిలబెట్టడం ఎలా సాధ్యమో ఆ కాగితం చూసి తెలుసుకున్నాను. సాధ్యమే. నేను చేసింది కూడా దాదాపు అదే. నేను నిజాన్ని కూడా బయటే ఉంచాను.

కాగితం సంగతి చెబుదామని ఆమెకు ఫోను చేశాను. సంతోషిస్తుందనుకున్నాను. మంచిదే అంది.

“నా పేరు లేకపోతే పర్లేదు. ఆయన పేరు సంగతేంది సారూ?”

సంగంలో అందరి ముందూ చెప్పావు కదా అన్నాను.

“సంగమోళ్ళు మా ఆయన్ను ఎరగరు. ఎరిగినోళ్ళు మా టీకొట్టు కాడ ఉండారు. సంగంలో నాది నేను చెప్పుకున్నా. ఈడ చెప్పాల్సింది మీరు. తిప్పింది మీరు గదా.”

తర్వాతి ముద్రణలో సవరణ వేయిస్తానన్నాను. మొదటి పేజీలోనే వేయిస్తానన్నాను.

“అచ్చు వద్దు. అచ్చులో ఎవురూ ఉండరు. మీరొచ్చి నిలబడండి.”

నేను వెళ్ళింది ఆదివారం ఉదయం. టీకొట్టు అంటే నాలుగు రాటల మీద రేకులు, రెండు బెంచీలు, ఒక బల్ల. ఏడెనిమిది మంది ఉన్నారు. ముత్యాలయ్య ఎవరో అడగకుండానే తెలిసింది. బెంచీ మధ్యలో కూర్చుని, అందరి కంటే గట్టిగా మాట్లాడుతున్నాడు. పిచ్చమ్మ హజరత్తయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. అతడు లోపలికి రాలేదు. బయట రాటను ఆనుకుని, తల దించుకుని నిలబడ్డాడు. ఆమె అతని పక్కన నిలబడింది.

నేను ముందే వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. వాటిలో అనివార్యత, ప్రజాహితం, సంక్షిప్తం అన్న మాటలు ఉన్నాయి. ఆ రేకుల కింద నిలబడ్డాక అవేవీ నోట్లోకి రాలేదు. ఆ పుస్తకం రాసింది నేనేనని చెప్పాను. హజరత్తయ్య భార్యను ముందు ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాడని, అక్కడ జెర్రి అనుకుని ఇంటికి పంపారని, ఆ తర్వాతే పోలేరయ్య దగ్గరికి పోయాడని, పోలేరయ్య ఆపకుండా నెల్లూరు పంపాడని చెప్పాను. ఈ వరుసను పుస్తకంలో మార్చానని చెప్పాను.

ముత్యాలయ్య గ్లాసు కింద పెట్టాడు.

“చదువుకున్నోళ్ళు గదా సారూ, తప్పెట్ట పడింది?”

“పడలేదు. తెలిసే రాశాను” అన్నాను.

టీ కాచేవాడు స్టవ్ మంట తగ్గించాడు. ఆ నిశ్శబ్దాన్ని నేను భరించలేకపోయాను. భరించలేనప్పుడు వాక్యాలు అల్లడం నా వృత్తి. హజరత్తయ్య చేసిన తప్పు ఏమీ లేదు, అతని మీద ఏ మచ్చా లేదు అన్నాను.

“ఉండాది.”

ఆ మాట అన్నది హజరత్తయ్య. ఇన్ని నెలల్లో అతని గొంతు నేను వినడం అదే మొదటిసారి. తల ఎత్తాడు. నన్ను కాదు, బెంచీల మీద ఉన్న వాళ్ళను చూస్తూ చెప్పాడు.

“పాము అనాల్సిన కాడ పురుగన్నా. ఆ పిల్ల ఏం పురుగని అడిగింది. అడిగినప్పుడన్నా చెప్పలా. ఈమె మొకం చూస్తా ఆ పేరు అనలేకపోయినా. ఆ తప్పు నాది. దాన్ని తీసెయ్యబాకండి సారూ, అది నాకుండనీండి. మీరు రాసిన తప్పు నాది కాదు. దాన్ని మీరు తీసకపొండి.”

నేను ఇంకేదో అనబోయాను. పిచ్చమ్మ నా వైపు చూసింది. ఊరుకున్నాను. ఈసారి ఊరుకోవడం సులువుగా లేదు.

హజరత్తయ్య రాటను వదిలి, రేకుల కిందికి వచ్చి, ముత్యాలయ్య ఎదుట నిలబడ్డాడు. జరగమని అడగలేదు. ముత్యాలయ్య అతని వంక చూసి, నా వంక చూసి, బెంచీ మీద పక్కకు జరిగాడు. హజరత్తయ్య కూర్చున్నాడు. పక్కన ఇంకొకరు జరిగితే పిచ్చమ్మ కూడా కూర్చుని, కుడి కాలు ముందుకు చాపుకుంది. టీ రెండు పోయమని హజరత్తయ్య చెప్పాడు.

నేను నిలబడే ఉన్నాను.